సభలో జరిగిన వాదన మినిట్స్‌లో రాయాలా? వియన్నా బుధవారం సంఘం రికార్డుల గురించి తెలిసినవారు చెప్పండి

లంకఊరి లైబ్రరీ (ప్రశ్న):

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర ఊరు. మా ఊరి గ్రంథాలయానికి కార్యదర్శిని. నెలకో ఆదివారం పుస్తక చర్చ పెడతాం. టీచర్లు, కొబ్బరి వ్యాపారం చేసేవాళ్లు, డిగ్రీ చదివే పిల్లలు వస్తారు. ఈమధ్య తెలుగులో వచ్చిన మనోవైజ్ఞానిక నవలల గురించి మాట్లాడుకుంటుంటే చర్చ ఫ్రాయిడ్ మీదికి మళ్లింది, అదే, చిన్నపిల్లల్లోనూ లైంగిక కోరికలుంటాయన్న వియన్నా మనోవిశ్లేషణ డాక్టరు. మాటా మాటా పెరిగింది. ఒక పెద్దాయన, చిన్నపిల్లల మనసుకు ఇలాంటివి అంటగట్టడం పాపమని గట్టిగా అని, చెప్పులేసుకుని వెళ్లిపోయారు. ఇద్దరు ముగ్గురు ఆయన మాటే నిజమన్నారు. ఒక అమ్మాయి లేచి చాలా చక్కగా జవాబు చెప్పింది.

ఎవరేమన్నారో పేర్లతో సహా మినిట్స్ పుస్తకంలో రాశాను. మా అధ్యక్షులవారు చదివి, "ఇదంతా ఎందుకమ్మా, కొట్టేసి చర్చ ఫలవంతంగా జరిగిందని రాయి" అన్నారు. ఆయన మంచివారే, ఊళ్లో మాట రాకూడదని ఆయన బాధ. కానీ నాకు చెయ్యి రావడం లేదు.

కారణం ఉంది. మా లైబ్రరీ పాత మినిట్స్ పుస్తకాలు కొన్ని 1996 నవంబరు తుఫానులో పెంకులు లేచిపోయినప్పుడు తడిసి ముద్దయిపోయాయి. మిగిలినవి తీసి చదివితే పేజీ తర్వాత పేజీ "సభ జరిగినది, వందన సమర్పణతో ముగిసినది" అనే ఉంది. ఊరికి కరెంటు రాకముందు లాంతరు పెట్టుకుని పుస్తకాలు చదువుకున్న మనుషులు వాళ్లు. దేని గురించి వాదించుకున్నారో, ఏ పుస్తకం నచ్చిందో, ఏది నచ్చలేదో ఒక్క ముక్క లేదు. చదువుతుంటే ఏడుపొచ్చింది.

ఫ్రాయిడ్ ఇంట్లో బుధవారాలు జరిగిన సమావేశాల మినిట్స్ గొడవలతో సహా పుస్తకాలుగా వచ్చాయని ఎక్కడో చదివాను. అవి ఎవరు రాశారు? ఎంతవరకు నమ్మొచ్చు? హిట్లర్ కాలం దాటి ఎలా మిగిలాయి? కలకత్తాలో కూడా ఇలాంటి సంఘం ఉండేదంటారు, దాని కాగితాల సంగతేమిటి? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పండి. కమిటీ ముందు పెట్టాలి.

కాకినాడ మాస్టారు:

అమ్మా, ఆ పేజీ కొట్టేయకండి. ముందు ఆ మాట చెప్పి మిగతాది చెబుతాను. కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి. విశాఖలో ఎం.ఎ. చదివే రోజుల్లో ఆ మినిట్స్ సంపుటం ఒకటి చేతికొచ్చింది. అప్పటినుంచి వాటిని వదల్లేదు.

1902 శరత్కాలంలో ఫ్రాయిడ్ నలుగురు డాక్టర్లకు పోస్టుకార్డులు రాసి ఇంటికి పిలిచాడు. ఆడ్లర్, స్టెకెల్, కహానె, రైట్లర్. ఆలోచన స్టెకెల్‌ది. బెర్గ్‌గాసె వీధిలో 19వ నంబరు ఇల్లు, పేషెంట్లు కూర్చునే గది, ప్రతి బుధవారం రాత్రి. ఒకరు వ్యాసం చదువుతారు, తర్వాత కాఫీ, కేకులు, చుట్టలు, ఆపైన చర్చ. మాట్లాడే వరస చీటీలు తీసి తేల్చేవారు. చీటీలో పేరొస్తే మాట్లాడి తీరాలి, నాకేం తోచలేదంటే కుదరదు.

మొదటి నాలుగేళ్లూ మినిట్స్ రాసినవాళ్లు లేరు. ఆ రోజుల గురించి మనకు తెలిసిందంతా తర్వాత ఎవరెవరో గుర్తుచేసుకుని రాసింది. గుర్తుచేసుకుని రాసినప్పుడు ప్రతివాడూ తన వైపు నుంచే రాస్తాడు కదా. 1906 అక్టోబరు నుంచి మాత్రం ఎవరు వచ్చారు, ఎవరు ఏం చదివారు, ఎవరు ఎలా ఎదురు చెప్పారు అన్నీ తెలుస్తాయి. దానికి కారణం ఒక్క కుర్రాడు, ఒట్టో రాంక్.

ఈ రాంక్ గురించి కాస్త చెప్పాలి. పేదింటి పిల్లవాడు. టెక్నికల్ స్కూల్లో చదివి మెషిన్ షాపులో పనిచేశాడు. పగలంతా ఇనుముతో పని, రాత్రంతా పుస్తకాలు. వాళ్ల కుటుంబానికి వైద్యం చేసే డాక్టరు ఆడ్లర్. అతనే ఇతన్ని ఫ్రాయిడ్ దగ్గరికి పంపాడు. కుర్రాడు రాసిన వ్యాసం చదివి ఫ్రాయిడ్ ముచ్చటపడి, సంఘానికి జీతం మీద పనిచేసే కార్యదర్శిగా పెట్టుకుని, యూనివర్సిటీ చదువు కూడా చదివించాడు. అప్పటికి ఇతని వయసు 22. మనకు దొరికిన మొదటి మినిట్స్ 1906 అక్టోబరు 10వి. ఆ రాత్రి వ్యాసం చదివింది కూడా రాంకే. అంటే తన వ్యాసం మీద పెద్దలు చేసిన విమర్శను తన చేత్తోనే రాసుకున్నాడు. మీరు మీ అధ్యక్షులవారికి ఈ ఒక్క సంగతి చెప్పండి చాలు.

నమ్మకం సంగతి అడిగారు. అవి షార్ట్‌హ్యాండ్‌లో మాటకు మాట రాసినవి కావు. నోట్సు పెట్టుకుని, తర్వాత సాఫుగా రాసినవి. అందుకని "ఫ్రాయిడ్ సరిగ్గా ఈ మాటే అన్నాడు" అని వాటిని పట్టుకుని చెప్పకూడదు. ఎవరు ఏ వైపున నిలబడ్డారో చెప్పడానికి మాత్రం అంతకంటే మంచి ఆధారం లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీలు 1908 ఫిబ్రవరివి. సంఘం పెరిగింది, ఒకరిమీద ఒకరికి చికాకులూ పెరిగాయి. చీటీల బలవంతం తీసెయ్యాలని ఆడ్లర్ వైపు నుంచి ప్రతిపాదన వచ్చింది. ఇంకో ఫిర్యాదు: ఇక్కడ నేను చెప్పిన ఆలోచన రేపు ఇంకొకడు తన వ్యాసంలో రాసుకుంటున్నాడు, అడక్కుండా వాడకూడదని నియమం పెట్టాలి. దానిమీద వాదన జరిగింది. తన మాటలు మాత్రం ఎవరైనా వాడుకోవచ్చని ఫ్రాయిడ్ అన్నాడు. పెద్ద పెద్ద సిద్ధాంతాల కంటే ఇలాంటి చోటే మనుషులు కనిపిస్తారు. అంతకు ముందటేడు 1907లో ఫ్రాయిడ్ రోమ్ నుంచి అందరికీ ఒక ఉత్తరం పంపాడు. సంఘాన్ని రద్దు చేసి వెంటనే మళ్లీ పెడుతున్నాననీ, ఉండాలనుకున్నవాళ్లు పేరిచ్చుకోవచ్చనీ దాని సారాంశం. వెళ్లాలనుకున్నవాడు ఎవరికీ ముఖం చూపించక్కర్లేకుండా తప్పుకోవడానికి దారి చూపించాడన్నమాట. 1908 నుంచి వియన్నా మనోవిశ్లేషణ సంఘం అని పేరు మారింది.

1910లో ఆడవాళ్లను చేర్చుకోవాలా అన్న చర్చ వచ్చింది. సాడ్గర్ అనే ఆయన వద్దన్నాడు. ఆడవాళ్లని సూత్రప్రాయంగా బయట పెడితే అది మన మాటకే విరుద్ధమవుతుందని ఫ్రాయిడ్ అన్నాడు. మార్గరెటె హిల్‌ఫర్డింగ్ అనే డాక్టరు మొదటి మహిళా సభ్యురాలయింది. మరుసటేడు ఆడ్లర్‌తో పాటు ఆవిడా వెళ్లిపోయింది. 1942లో నాజీలు ఆవిడను చంపేశారు. ఆ గదిలో ఆవిడ మాట్లాడిన మాటలు ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే ఆ మినిట్స్ వల్లనే.

ఇక ఆడ్లర్. 1911 జనవరి, ఫిబ్రవరి నెలల్లో తన సిద్ధాంతాన్ని వాళ్ల ముందు పెట్టాడు, దానిమీద రాత్రులకు రాత్రులు చర్చ. అధ్యక్ష పదవి వదిలాడు, తర్వాత సంఘమే వదిలాడు. ఆ వాదన మొత్తం రాసింది ఎవరు? తనను చేయిపట్టి ఫ్రాయిడ్ గుమ్మం దాకా తెచ్చిన మనిషిని వెళ్లగొడుతుంటే పక్కన కూర్చుని రాసింది రాంకే. ఆడ్లర్ చెప్పిందీ రాశాడు, ఫ్రాయిడ్ చెప్పిందీ రాశాడు. రాంక్‌ను ఫ్రాయిడ్ పోషించాడు, జీతమిచ్చాడు. అయినా ఓడినవాడి మాట పుస్తకంలో ఉంది. అందుకే ఆడ్లర్ ఏమన్నాడో ఆడ్లర్ శిష్యుల దగ్గరికి వెళ్లకుండానే తెలుస్తుంది. మీ ఊరి పెద్దాయన చెప్పులేసుకుని వెళ్లిపోయే ముందు ఏమన్నారో యాభై ఏళ్ల తర్వాత ఒక పిల్ల తెలుసుకోవాలంటే మీ పేజీ ఒక్కటే దిక్కు.

హిట్లర్ సంగతి. 1938 మార్చిలో జర్మన్ సైన్యం ఆస్ట్రియాలోకి వచ్చింది. సంఘం పెద్దలు ఒకసారి కూర్చుని, ఎవరికి వీలైన దారిన వాళ్లు దేశం దాటాలని తేల్చుకున్నారు. వాళ్ల ప్రచురణ సంస్థ పుస్తకాల నిల్వ నాశనమైంది. జూన్ 4న ఫ్రాయిడ్ వియన్నా వదిలాడు. పోయేముందు ఆ మినిట్స్‌ను పాల్ ఫెడెర్న్ చేతికిచ్చాడు. 1903 నుంచి ఉన్న సభ్యుడు. ఫెడెర్న్ వాటిని అమెరికా చేర్చాడు. ఆ సమయంలో ఆయన కొడుకు ఎర్న్‌స్ట్ నాజీల చేతిలో ఖైదీ, ముందు డాఖావ్ నిర్బంధ శిబిరంలో, తర్వాత బూఖెన్‌వాల్ట్ శిబిరంలో. కొడుకు బయటికి వస్తాడో రాడో తెలియని తండ్రి ఈ కాగితాల కట్టల్ని కాపాడాడు. ఈ సంగతి తలుచుకుంటే నాకు మాట రాదు. 1945లో కొడుకు బతికి బయటపడ్డాడు. తండ్రి 1950లో పోయాడు. పాత సభ్యుడు హెర్మన్ నున్‌బెర్గ్, ఆ కొడుకు ఎర్న్‌స్ట్ ఫెడెర్న్ కలిసి వాటిని సవరించి, ఇంగ్లీషులో 1962 నుంచి 1975 దాకా నాలుగు సంపుటాలుగా తెచ్చారు. జర్మన్‌లో అచ్చయింది ఆ తర్వాతే.

కలకత్తా గురించి రేపు రాస్తాను. కళ్లు నొప్పెడుతున్నాయి.

భీమవరం నుంచి:

మాస్టారు చెప్పింది చదివి చాలా సంతోషం కలిగిందండి. కాకపోతే ఒక విషయంలో నా మాట వేరు. నేను కౌన్సెలింగ్ చేస్తాను, నా దగ్గరికి వచ్చేవాళ్లంతా చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. భీమవరంలో ఒకరి గుట్టు బయటపడితే పాలకొల్లు చేరడానికి ఒక పూట చాలు.

ఆ వియన్నా గదిలో సిద్ధాంతాలతో పాటు పేషెంట్ల బతుకులూ చెప్పుకున్నారు. 1907 అక్టోబరు, నవంబరుల్లో ఫ్రాయిడ్ ఒక కొత్త పేషెంటు కథ రెండు బుధవారాలు చెప్పాడు. తర్వాత అచ్చులో ఆ మనిషి "ఎలుకల మనిషి"గా మిగిలాడు, ఆపైన పరిశోధకులు అసలు పేరు కూడా బయటపెట్టారు. సభ్యుడైన మాక్స్ గ్రాఫ్ తన సొంత కొడుకు భయాల గురించి రాసి ఫ్రాయిడ్‌కు ఇచ్చాడు. అది 1909లో "చిన్న హాన్స్" కథగా అచ్చయింది. ఆ అబ్బాయి పెద్దవాడై ఒపెరా దర్శకుడయ్యాడు, కుర్రతనంలోనే ఫ్రాయిడ్ దగ్గరికి వచ్చి నేనే ఆ హాన్స్‌ని అని చెప్పాడు. అదృష్టవశాత్తూ అతను బాగానే బతికాడు. అలా ప్రతివాడికీ జరుగుతుందని మనం అనుకోలేం.

కాబట్టి కార్యదర్శి గారూ, అభిప్రాయం మీద గొడవైతే పేర్లతో రాయండి. ఆ వాదనలో ఎవరైనా తమ ఇంటి సంగతో, తమ పిల్లల సంగతో చెప్పి ఉంటే అది మాత్రం రాయకండి. మనసు గురించి మాట్లాడే సభల్లో జనం నోరు జారి చెప్పేస్తారు. ఇంకొకటి, అన్నీ అందరికీ వెంటనే చూపించాలని లేదు. ఫ్రాయిడ్ కాగితాల కోసం 1951లో కుర్ట్ ఐస్లర్ న్యూయార్క్‌లో ఒక సంస్థ పెట్టాడు. సేకరించినవి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాచారు. వాటిలో చాలా ఉత్తరాలకు, ఇంటర్వ్యూలకు ఫలానా సంవత్సరం దాకా తెరవకూడదని గడువు పెట్టారు. పరిశోధకులు దానిమీద ఎంతో కోప్పడ్డారు, వాళ్ల కోపంలోనూ న్యాయం ఉంది. మెల్లగా గడువులు తీరి, 2017లో చాలా భాగం ఇంటర్నెట్‌లో పెట్టారు. మీరూ నిజం రాసి, ఆ పుస్తకం ఎవరు ఎప్పుడు చూడొచ్చో కమిటీలో ఒక నియమం రాసుకుంటే సరిపోతుంది.

లంకఊరి లైబ్రరీ:

ఇద్దరికీ దణ్ణాలండి. భీమవరం గారూ, మీరన్నట్టే ఒకావిడ తన మనవడి సంగతి చెప్పింది. అది కూడా రాశాను. ఆ రెండు లైన్లు ఆవిడకు చూపించి అడుగుతాను, వద్దంటే తీసేస్తాను. మాస్టారూ, కలకత్తా గురించి ఎదురుచూస్తున్నాను.

కాకినాడ మాస్టారు:

భీమవరం గారి మాట సబబే. నేను ఆ వైపు చెప్పకుండా వదిలేసినది ఆవిడ పూరించారు.

కలకత్తా సంఘానికి మూలం గిరీంద్రశేఖర్ బోస్. 1887లో పుట్టాడు. తండ్రి దర్భంగా మహారాజు దగ్గర దివాను. మెడిసిన్ చదివి ప్రాక్టీసు చేస్తూ, 1921లో కలకత్తా యూనివర్సిటీ నుంచి అణచివేత మీద, అంటే మనసు తనకు ఇబ్బందైన కోరికల్ని లోపలికి నెట్టేయడం మీద, రాసిన సిద్ధాంత గ్రంథానికి డాక్టరేటు పొందాడు. ఆ పుస్తకం ఫ్రాయిడ్‌కు పంపించాడు. ఉత్తరాలు అలా మొదలయ్యాయి, 1937 దాకా నడిచాయి. ఇద్దరూ ఒక్కసారి కూడా కలుసుకోలేదు. 1922లో పార్శీబాగాన్ లేన్ 14వ నంబరు ఇంట్లో, అంటే సొంత ఇంట్లోనే, ఇండియన్ సైకో ఎనలిటికల్ సొసైటీ మొదలైంది. అదే సంవత్సరం అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘంలో చేరింది. మొదటి సభ్యులు 15 మంది. ఎక్కువమంది సైకాలజీ, ఫిలాసఫీ చెప్పే కాలేజీ అధ్యాపకులు, తక్కినవాళ్లలో సైన్యంలో పనిచేసే డాక్టర్లున్నారు, వాళ్లలో బ్రిటిష్‌వాళ్లు కూడా. బోస్ 1953లో చనిపోయేదాకా ఆయనే అధ్యక్షుడు.

ఆ ఇల్లు ఎలాంటిదో ఊహించుకోండి. అన్న రాజశేఖర్ బోస్ బెంగాలీలో పేరుమోసిన హాస్య రచయిత, నిఘంటుకారుడు, బెంగాల్ కెమికల్స్‌లో మేనేజరు. ఆ ఇంట్లో సాయంత్రాలు రచయితలు, చిత్రకారులు, సైన్సువాళ్లు చేరేవారు. వాళ్లలో ఒక చిత్రకారుడు, జతీంద్రకుమార్ సేన్, ఫ్రాయిడ్ ఫోటో కూడా చూడకుండా ఫ్రాయిడ్ ఎలా ఉంటాడో ఊహించి బొమ్మ గీశాడు. బోస్ అది వియన్నాకు పంపాడు. 1931లో ఫ్రాయిడ్ 75వ పుట్టినరోజుకు దంతపు విష్ణుమూర్తి విగ్రహం పంపించారు. అది ఇప్పుడు లండన్‌లో ఫ్రాయిడ్ ఆఖరి రోజులు గడిపిన ఇంట్లో, మ్యూజియంలో ఉంది.

బోస్ శిష్యుడిలా తలూపే రకం కాదు. మనసులో ప్రతి కోరికకూ దాని ఎదురు కోరిక జంటగా ఉంటుందని ఆయన సిద్ధాంతం. ఈడిపస్ విషయంలో, అంటే మగపిల్లాడికి తల్లి మీద ఆకర్షణ, తండ్రి మీద అసూయ ఉంటాయన్న ఫ్రాయిడ్ మాట విషయంలో, తన భారతీయ పేషెంట్లలో కనబడింది ఐరోపావాళ్లలో కనబడినట్టు లేదని ఫ్రాయిడ్‌కే రాశాడు. ఫ్రాయిడ్ మర్యాదగా జవాబిచ్చాడు గానీ ఒప్పుకోలేదు. ఆ ఉత్తరాల్ని సొసైటీవాళ్లే తర్వాత అచ్చువేశారు. సంఘం వార్షిక నివేదికలు అంతర్జాతీయ మనోవిశ్లేషణ పత్రికలో వచ్చేవి. 1947లో సమీక్ష అనే సొంత పత్రిక మొదలుపెట్టారు. 1940లో లుంబినీ పార్క్ మానసిక వైద్యశాల పెట్టారు.

ఇక్కడ నాకొక బాధ ఉంది. అచ్చులో నేను చదివిన కలకత్తా కాగితాలు ఉత్తరాలు, నివేదికలు, వ్యాసాలు. వాటిలో బోస్ గొంతు బాగా వినిపిస్తుంది. ఆ గదిలో రెండో వరసలో కూర్చుని ఒప్పుకోని కుర్ర లెక్చరరు గొంతు వినిపించదు. నివేదికలో "వ్యాసం చదివారు, చర్చ జరిగింది" అని ఉంటుంది. వియన్నాలో రాంక్ చేసిన పని లాంటిది కలకత్తా గురించి మన చేతికి పుస్తకంగా వచ్చి ఉంటే, మన దేశంలో తొలి మనోవిశ్లేషకులు తమలో తాము ఏమనుకున్నారో, భగవద్గీత మీద, కులం మీద, తల్లుల మీద ఎలా వాదించుకున్నారో తెలిసేది. ఎంత నష్టమో చెప్పలేను. మీ లైబ్రరీ పాత పుస్తకాలు చూసి మీకు ఏడుపొచ్చిందన్నారు. నాదీ అదే ఏడుపమ్మా.

పాతకాగితం, రాజమండ్రి:

నేను పాత పుస్తకాలు బాగుచేసే పని చేస్తాను. మీ తడిసిన మినిట్స్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నా. అంటుకుపోయిన పేజీల్ని బలవంతంగా విడదీయొద్దు. ఎండలో అసలు పెట్టొద్దు, సిరా వెలిసిపోతుంది, కాగితం పెళుసవుతుంది. నీడలో, ఫ్యాను గాలికి, పేజీల మధ్య తెల్లటి బ్లాటింగ్ కాగితాలు పెట్టి మార్చుతూ ఉండండి. న్యూస్‌పేపర్ వద్దు, దాని సిరా అంటుతుంది. చిరిగినచోట సెల్లోటేపు వెయ్యకండి, ల్యామినేషన్ చేయించకండి. ఇవి రెండూ చేసిన నష్టం చెదలు కూడా చెయ్యలేదు మన వైపు.

బీరువాను గోడకు ఆనించకుండా జానెడు దూరంలో పెట్టండి. మన డెల్టాలో గోడ ఎప్పుడూ చెమ్మే. కింది అరలో మినిట్స్ పెట్టొద్దు. వానాకాలం రాకముందే ఫోన్‌తో ప్రతి పేజీ పైనుంచి నిలువుగా ఫోటో తీయించి రెండు వేర్వేరు ఊళ్లలో దాచండి. ఒకటి అమలాపురంలో పెడితే రెండోది గోదావరి దాటించి పెట్టండి. ఒకే వరదకు రెండూ పోకూడదు.

ఇప్పటి పుస్తకం బాల్‌పెన్నుతో రాస్తున్నారా? జెల్ పెన్ను వాడకండి, నీళ్లు పడితే చాలావాటి సిరా కారిపోతుంది.

లంకఊరి లైబ్రరీ:

జెల్ పెన్నే వాడుతున్నానండి, ఇవాళే మార్చేస్తాను.

కమిటీ కూర్చుంది. మాస్టారు రాసినదంతా ప్రింటు తీసి చదివి వినిపించాను. రాంక్ తన మీద విమర్శ తానే రాసుకున్న సంగతి దగ్గర అధ్యక్షులవారు ఇంకోసారి చదవమన్నారు. పేజీ ఉంచడానికి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద: పేరు రాసిన ప్రతివాళ్లకూ ఆ పేజీ చూపించి, తమ మాట సరిగ్గా లేదనుకుంటే పక్కన రాసే అవకాశం ఇవ్వాలి. మంచి షరతే. వెళ్లిపోయిన పెద్దాయన ఇంటికి పుస్తకం పట్టుకెళ్లాను. చదివి, నేనన్నది ఇంకా ఉందమ్మా అని ఒకటిన్నర పేజీ రాసిచ్చారు. అతికించాను, జిగురు కాకుండా దారంతో కుట్టి. మనవడి సంగతి చెప్పినావిడ ఆ రెండు లైన్లు తీసెయ్యమంది, తీసేశాను.

మాస్టారూ, వచ్చే నెల చర్చకు ఆ వియన్నా మినిట్స్‌లో ఏవి చదవమంటారు? మా వాళ్లు నలుగురైదుగురు ఇంగ్లీషు చదవగలరు, మిగతావాళ్లకు నేను తెలుగులో చెబుతాను.

కాకినాడ మాస్టారు:

మొదటి సంపుటంలో 1908 ఫిబ్రవరి పేజీలతో మొదలుపెట్టండి. సిద్ధాంతం ఏమీ తెలియకపోయినా అర్థమవుతాయి, మీ కమిటీవాళ్లకు చాలా తెలిసిన గొడవలే. రెండో నెల రెండో సంపుటంలో 1910 ఏప్రిల్, ఆడవాళ్లను చేర్చుకునే చర్చ. అది మీ సభలో జవాబు చెప్పిన అమ్మాయి చేత చదివించండి. మూడో సంపుటంలో ఆడ్లర్ రాత్రులు మాత్రం ఒకేసారి పెట్టుకోకండి, బరువైనవి. ముందు ఆడ్లర్ ఏమంటాడో ఒక నెల పూర్తిగా వినండి, ఫ్రాయిడ్ జవాబు మరుసటి నెలకు ఉంచండి. సంపుటాలు నా దగ్గరున్నాయి. ఆదివారం యానాం మీదుగా వస్తాను, మీ పేజీ కూడా చూడాలనుంది.